రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో పిల్లల మానసిక క్షేమం: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

లెక్చరర్ గారికి నమస్కారం. దాదాపు ఎనిమిది వందల మంది పిల్లలుండే రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో మీరు రసాయనశాస్త్రం బోధిస్తున్నారనీ, సుప్రీంకోర్టు తీర్పు తరువాత యాజమాన్యం విద్యార్థుల మానసిక క్షేమం చూసే బాధ్యతను మీకు అప్పగించిందనీ రాశారు. నెలకొక వ్యక్తిత్వ వికాస ఉపన్యాసం, రోజూ ఉదయం పావుగంట యోగా పెడితే సరిపోతుందని వారు అనుకుంటున్నారనీ, అది నిజంగా సరిపోతుందా, సరిపోకపోతే తక్కువ ఖర్చుతో ముందుగా ఏం చేయాలనీ అడిగారు. ఇరవై రెండేళ్లుగా ఇటువంటి కళాశాలల్లోనూ గురుకులాల్లోనూ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను కనుక, చూసినదీ చేసినదీ కలిపి వివరంగా రాస్తున్నాను.

సరిపోదు. ఉపన్యాసం వల్ల నష్టమేమీ లేదు, యోగా మంచిదే. కానీ పిల్లవాడిని నలిపేస్తున్నది అతని ఆలోచనా విధానం కాదు, అతని దినచర్య. ఉదయం అయిదింటికి లేపి, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెట్టి, ఆదివారం వారాంతపు పరీక్ష పెట్టి, సోమవారం ర్యాంకుల జాబితా గోడకు అంటించి, ఆ మధ్యలో ఒక గంట పాటు ‘ఒత్తిడిని జయించడం ఎలా’ అని ఉపన్యాసం ఇప్పిస్తే, తప్పు తనలోనే ఉందని ఆ పిల్లవాడు అనుకుంటాడు. నేను మొదటి అయిదారేళ్లు ఆ ఉపన్యాసాలే ఇచ్చాను. వాటి తరువాత పిల్లలు నా దగ్గరకు వచ్చి అడిగినవేవీ ఉపన్యాసానికి సంబంధించినవి కావు. ఒక్క ఆదివారం మధ్యాహ్నం నిద్రపోనిస్తారా, ఇంటికి ఫోన్ చేయనిస్తారా అనే అడిగేవారు. అందుచేత మీ పని టైమ్‌టేబుల్ దగ్గర మొదలవ్వాలి.

యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు మీకు ఆధారంగా ఉండేది ఆ తీర్పే కనుక, అందులో ఏముందో చెబుతాను. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ, ప్రభుత్వాలు తగిన చట్టమో నిబంధనలో తెచ్చేవరకు దేశమంతటా అమలు కావలసిన 15 మార్గదర్శకాలను నిర్దేశించింది. నూరుగురు, అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల కౌన్సెలర్‌ను కనీసం ఒకరిని నియమించుకోవాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టకూడదు. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇప్పించాలి. సహాయ కేంద్రాల నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో స్పష్టంగా కనిపించాలి. శిక్షణ కేంద్రాలు ఎక్కువగా ఉండి ప్రత్యేక శ్రద్ధ అవసరమైన నగరాలలో హైదరాబాదు పేరు కూడా ఉంది. మన దగ్గర ఈ మాటలు కొత్తవి కావు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ ఈ కళాశాలల పరిస్థితిని పరిశీలించినవే. నివేదికలు వచ్చినా దినచర్య మారలేదు. ఈసారి ఆదేశం సుప్రీంకోర్టు నుంచి వచ్చింది కాబట్టి, మీ మాటకు మునుపెన్నడూ లేని బలం ఉంది. దాన్ని ఉపయోగించుకోండి.

ముందుగా నిద్ర గురించి పట్టుబట్టండి. దీనికి రూపాయి ఖర్చు లేదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. మన హాస్టళ్లలో దొరికేది అయిదున్నర, మహా అయితే ఆరు గంటలు. ఆ వయసులో శరీర ధర్మం ప్రకారమే నిద్ర ఆలస్యంగా వస్తుంది, ఆలస్యంగా మెలకువ వస్తుంది. తెల్లవారుజామున పుస్తకం ముందు తూలుతున్న పిల్లవాడిది సోమరితనం కాదు. చదివినది మనసులో స్థిరపడేది నిద్రలోనే కనుక, నిద్ర తగ్గించి చదువు పెంచాలన్న లెక్క మొదట్లోనే తప్పుతుంది. ‘మార్కులు తగ్గితే ఎవరిది బాధ్యత?’ అని డీన్ తప్పక అడుగుతారు. వాదించవద్దు. ఒక్క అంతస్తులో, ఒక్క టర్మ్ పాటు, రాత్రి పదింటికి దీపాలు ఆర్పి ఉదయం ఆరింటికి లేపే అనుమతి అడగండి. వారం వారం వారు పెట్టే పరీక్షల మార్కులే దానికి సాక్ష్యం. నేను పనిచేసిన ఒక కళాశాలలో ఇలాగే ఒక అంతస్తుతో మొదలుపెట్టాం. మార్కులు పడిపోలేదు, సిక్ రూమ్‌కు తలనొప్పి, కడుపునొప్పి అంటూ వచ్చే పిల్లలు తగ్గారు. రెండో టర్మ్‌లో మిగతా అంతస్తుల వార్డెన్లు తామే వచ్చి అడిగారు.

ర్యాంకుల జాబితా సంగతి ఇంతకంటే కష్టం, ఎందుకంటే అందులో యాజమాన్యం గౌరవం ముడిపడి ఉంది. ర్యాంకును బట్టి సెక్షన్లు మార్చే పద్ధతిని మీరు ఒక్కరే ఆపలేకపోవచ్చు. ఆగస్టులో ఒక అబ్బాయిని పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు దింపితే, అతనికి పోయేది సెక్షన్ ఒక్కటే కాదు. గది మారుతుంది, మెస్‌లో పక్కన కూర్చునేవాళ్లు మారతారు, ఇంటికి ఫోన్ చేసి చెప్పవలసిన మాట ఒకటి గొంతులో ఇరుక్కుంటుంది. నా దగ్గరకు తీవ్రమైన దిగులుతో వచ్చిన పిల్లల్లో చాలామందికి అది సెక్షన్ మారిన రెండు మూడు వారాల్లోనే మొదలయింది. కనుక మీ చేతిలో ఉన్నంతవరకు చేయండి. మీ సబ్జెక్టు మార్కులను పైకి చదవకుండా ఎవరి చీటీ వారికి ఇవ్వండి. సెక్షన్ మారినా హాస్టల్ గది మార్చవద్దని అడగండి, ఇది సాధారణంగా ఒప్పుకుంటారు. మారిన పిల్లల పేర్లు ఆ రోజే కౌన్సెలర్‌కు చేరేలా చూడండి.

ఇంకొక సంగతి మీరు రాయలేదు గానీ, మీ కళాశాలలోనూ ఉండే ఉంటుంది. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలోనో, పేరుకే ఇంగ్లీషు మాధ్యమంలోనో చదివి వచ్చిన పల్లెటూరి పిల్లలు మొదటి నలభై యాభై రోజులు పాఠం అర్థం కాక మౌనంగా కూర్చుంటారు. ఊరి బడిలో మొదటివాడిగా పేరు తెచ్చుకున్న పిల్లవాడికి, తనకు లెక్క తెలిసినా ప్రశ్న అర్థం కాకపోవడమంటే ఏమిటో ఊహించండి. అతను మందబుద్ధి అని లెక్చరర్ అనుకుంటారు. కొన్నాళ్లకు అతనూ అలాగే అనుకుంటాడు. ఒక సంవత్సరం మేము జూన్, జులై నెలల్లో నాలుగు సబ్జెక్టులకూ ముఖ్యమైన పదాలు తెలుగు అర్థాలతో అచ్చు వేయించి ఇచ్చాం, ఆ రెండు నెలలూ తరగతిలో తెలుగులో ప్రశ్నలడగడానికి అనుమతించాం. అటువంటి పిల్లలు ఇంటికి వెళ్లిపోతామని ఏడవడం ఆ సంవత్సరం స్పష్టంగా తగ్గింది. కౌన్సెలింగ్ అంటే ఎప్పుడూ ఎదురుగా కూర్చుని మాట్లాడటమే కానక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను: పిల్లల మాట వినేది ఎవరు? లెక్చరర్లకే కొంత శిక్షణ ఇప్పించి ఆ బాధ్యత కూడా అప్పగిస్తామని మీ యాజమాన్యం అన్నట్లు రాశారు. ఖర్చు లేని మార్గం అది. కానీ బీహార్‌లోని నలందా జిల్లాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం దీని గురించి చాలా విలువైన విషయం చెప్పింది. అక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఒకే కార్యక్రమాన్ని రెండు విధాలుగా నడిపారు. కొన్ని పాఠశాలల్లో దాని బాధ్యతను అక్కడి ఉపాధ్యాయుడికే ఇచ్చారు. కొన్నింటిలో పెద్ద డిగ్రీలేవీ లేకపోయినా శిక్షణ పొందిన ఒక కౌన్సెలర్‌ను విడిగా నియమించారు. ఇంకొన్ని పాఠశాలలు ఈ కార్యక్రమం లేకుండా మామూలుగా నడిచాయి. 2018లో ఫలితాలు వెలువడ్డాయి. విడిగా కౌన్సెలర్ ఉన్న పాఠశాలల్లో బడి వాతావరణం మెరుగుపడింది, పిల్లల్లో దిగులు, ఒకరినొకరు వేధించుకోవడం, హింస తగ్గాయి. ఉపాధ్యాయుడు నడిపిన చోట మామూలు బడులకూ వాటికీ తేడా కనిపించలేదు. మనసులు మంచివే, కార్యక్రమమూ అదే. నాకు తోచిన కారణం ఇది: మార్కులు వేసే చేతికి, శిక్ష వేసే నోటికి పిల్లవాడు తన లోపలి మాట అప్పగించడు. ఉపాధ్యాయుడికి అసలు పాఠాలతోనే తీరిక ఉండదన్నది మరొక కారణం. అందుచేత ఉన్న డబ్బంతా ఉపన్యాసకులకు ఖర్చు పెట్టకుండా ఒక కౌన్సెలర్ జీతానికి పెట్టించండి. ఆ మనిషికి ఇన్విజిలేషన్, హాజరు, అడ్మిషన్ల పని ఇవేవీ అంటగట్టకూడదని నియామక పత్రంలోనే రాయించండి. రాయించకపోతే మూడో నెలలో ఆ మనిషి పరీక్ష హాల్లో కాపలా కాస్తూ కనిపిస్తారు.

నలందా కార్యక్రమంలో ఒక భాగం ఫిర్యాదుల పెట్టె. మనవాళ్లూ పెడతారు, ప్రిన్సిపాల్ గది ముందు, సరిగ్గా సీసీ కెమెరా కింద. అందులో ఎవరూ ఏమీ వేయరు. మేము దాన్ని తీసి మెస్ దగ్గర చేతులు కడుక్కునే చోట పెట్టాం, తాళంచెవి కౌన్సెలర్ దగ్గరే ఉంచాం. మొదటి నెలంతా వచ్చిన చీటీలు పెరుగు నీళ్లలా ఉందని, మూడో అంతస్తు బాత్రూం తలుపుకు గడియ లేదని, పులిహోర వద్దని. వాటిని చూసి నిరుత్సాహపడవద్దు. ప్రతి శనివారం ఏ చీటీకి ఏం చేశామో, ఏది చేయలేకపోయామో, ఎందుకు చేయలేకపోయామో నోటీసు బోర్డులో పెట్టండి. పిల్లలు మనల్ని చిన్న విషయాలతో పరీక్షిస్తారు. గడియ బిగించిన తరువాతే ‘మా గదిలో ఒకడు వారం నుంచి అన్నం తినడం లేదు’ అనే చీటీ వస్తుంది. మాకు అది రెండో నెల చివర్లో వచ్చింది.

ఆ చీటీ రాసింది పక్క మంచం మీద పడుకునే స్నేహితుడు. ఎక్కడైనా ముందుగా తెలిసేది స్నేహితులకే. ఐరోపాలో పది దేశాల్లోని పాఠశాలల్లో జరిగి 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఉపాధ్యాయులకు మాత్రమే శిక్షణ ఇచ్చిన పద్ధతి వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు గానీ, పిల్లలే చిన్న బృందాల్లో కూర్చుని మానసిక ఆరోగ్యం గురించి చర్చించి, సన్నివేశాలు నటించి నేర్చుకున్న పద్ధతి వల్ల ఆత్మహత్యా ప్రయత్నాలు తగ్గాయి. మీరు కూడా తరగతికి నెలకు రెండు పీరియడ్లు ఇటువంటి చర్చకు అడగండి. అందులో పిల్లలకు తప్పక తెలియవలసిన విషయం ఒకటుంది: స్నేహితుడు చనిపోవాలని ఉందని చెప్పి ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంటే, ఆ ఒట్టు నిలబెట్టుకోనక్కర్లేదు.

రహస్యం విషయంలో కౌన్సెలర్ కూడా మొదటి రోజే నిజం చెప్పాలి. ‘నువ్వు చెప్పినది మీ సార్లకు గానీ ఇంట్లో గానీ చెప్పను, నీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ప్రమాదం ఉంటేనూ, నీమీద ఎవరైనా లైంగికంగా దౌర్జన్యం చేసి ఉంటేనూ చెప్పవలసి వస్తుంది, అప్పుడు కూడా ముందు నీతో మాట్లాడే చెబుతాను’ అని ఈ మాటల్లోనే చెప్పమనండి. రెండోది చట్టం ప్రకారం తప్పనిసరి. 2012 నాటి పోక్సో చట్టం కింద, అటువంటి నేరం గురించి తెలిసిన వారెవరైనా పోలీసులకు తెలియజేయాలి. సంస్థ పరువు పేరుతో దాన్ని లోపలే సర్దుబాటు చేయడం నేరం. ఈ మాట యాజమాన్యానికి మీరు రాతపూర్వకంగా తెలియజేసి ఉంచడం మంచిది.

పిల్లల క్షేమం అడిగారు గానీ, నాకు అంతే ముఖ్యంగా తోచేది వార్డెన్ల క్షేమం. మన హాస్టళ్లలో వార్డెన్ అంటే చాలాచోట్ల డిగ్రీ పూర్తిచేసి గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుకుంటున్న ఇరవై అయిదేళ్ల కుర్రవాడు. ఇరవైనాలుగు గంటల డ్యూటీ, వారానికి సెలవు లేదు, తక్కువ జీతం, పిల్లవాడు గోడ దూకితే మాట పడేది అతనే. అతను పిల్లల మీద అరుస్తున్నాడంటే ఆశ్చర్యమేముంది? మీ లెక్చరర్ల పరిస్థితి మీకే తెలుసు. వేసవి వచ్చిందంటే ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలి, టార్గెట్ చేరకపోతే జీతం ఆగుతుంది. ఉద్యోగులను ఇలా ఉంచి విద్యార్థులకు ప్రశాంతత ఇవ్వడం ఎవరివల్లా కాదు. వారానికి ఒక రోజు వార్డెన్‌కు సెలవు, ఆ రోజుకు బదులు మనిషి, నెలకొకసారి వార్డెన్లందరూ కౌన్సెలర్‌తో గంటసేపు కూర్చునే ఏర్పాటు, ఇవి మీ ప్రతిపాదనలో తప్పక ఉండాలి. ఒక వార్డెన్ రోజూ పిల్లల బల్ల దగ్గరే కూర్చుని భోజనం చేసేవాడు. ఒక అబ్బాయి తన కాలిక్యులేటర్, వాచీ స్నేహితులకు పంచేశాడని అతను అన్నం తింటూ విన్నాడు. ఆ రాత్రే నాకు ఫోన్ చేశాడు. ఆ అబ్బాయి ఇవాళ బతికి ఉన్నాడంటే ఆ వార్డెన్ వల్లనే, నా వల్ల కాదు.

అటువంటి సందర్భంలో ఏం చేయాలో సిబ్బంది అందరికీ కంఠతా రావాలి. వస్తువులు పంచేయడం, వీడ్కోలు చెబుతున్నట్టు మాట్లాడటం, నిద్ర, తిండి మానేయడం, ‘నేను లేకపోతే అందరికీ మంచిది’ వంటి మాటలు, ఇవేవీ తేలికగా తీసుకోరాదు. పక్కకు తీసుకెళ్లి, ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా, నెమ్మదిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం నిజం కాదు. అడగడం వల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి, చాలామంది పిల్లలు ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటారు. అవునంటే ఒంటరిగా వదలకూడదు, తిట్టకూడదు, నీతులు చెప్పకూడదు. అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్లాలి. రాత్రివేళ అయినా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలి మానస్ నంబరు 14416 ఇరవైనాలుగు గంటలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి అంతస్తులో రాయించండి, దాన్ని చేరుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేని ఒక ఫోన్ కూడా పెట్టించండి. ఫోన్ లేని హాస్టల్లో నంబరు ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఏం ప్రయోజనం?

తల్లిదండ్రుల గురించి క్లుప్తంగా చెబుతాను. వారిని నిందించి లాభం లేదు. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన తండ్రి భయం నిజమైనదే. అడ్మిషన్ రోజునే అరగంట కూర్చోబెట్టి రెండు విషయాలు చెప్పండి: ఆదివారం ఫోన్లో మార్కులు చివర అడగాలి, పక్కింటివారి అబ్బాయి ర్యాంకు అసలు ఎత్తకూడదు. ఇంటికి వచ్చినప్పుడు ఊళ్లో ఎదురైన ప్రతి ఒక్కరూ ‘ఎన్నొచ్చాయిరా?’ అని అడుగుతారు కనుక, ఆ రెండు రోజులూ పిల్లవాడి తరఫున జవాబు చెప్పే బాధ్యత తండ్రిది.

ఇక ఏడాది మొత్తంలో మీరు ఎక్కువ జాగ్రత్త పడవలసింది ఇంటర్ ఫలితాల రోజు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఫలితాల్లో దొర్లిన పొరపాట్లు, ఆ తరువాత వరుసగా జరిగిన పిల్లల మరణాలు మీకు గుర్తుండే ఉంటాయి. తప్పినవారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించేసరికి ఆ పిల్లలు లేరు. ఫలితాల నాటికి హాస్టల్ ఖాళీ అవుతుంది, పిల్లలు ఇళ్లలో ఉంటారు, కళాశాల టాపర్ల ఫొటోలతో ప్రకటన తయారీలో మునిగి ఉంటుంది. ఆ ఉదయమే ప్రమాదం. మార్చిలోనే, తప్పే అవకాశం ఉన్నవారివి, మంచి మార్కులు వస్తాయని గట్టిగా ఆశపెట్టుకున్నవారివి, ఏడాదిలో ఎప్పుడైనా దిగులుతో కౌన్సెలర్ దగ్గరకు వచ్చినవారివి పేర్లు, ఇంటి ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కో లెక్చరర్‌కు పదిమందిని పంచండి. ఫలితాలకు ముందు రోజు తల్లిదండ్రులకు ఫోన్ చేసి, రేపు పిల్లవాడిని ఒంటరిగా ఉంచవద్దని చెప్పండి. ఫలితం వచ్చిన గంటలోపు పిల్లవాడితోనే మాట్లాడండి: రీకౌంటింగ్‌కు గడువు ఎప్పుడు, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఎప్పుడు, దానికి క్లాసులు ఎక్కడ చెబుతాం, ఏ తేదీన రావాలి. అటువంటి సమయంలో ఓదార్పు కంటే ఒక తేదీ ఎక్కువ పట్టు ఇస్తుంది. ఆ సాయంత్రం మరొకసారి, వారం తరువాత ఇంకొకసారి ఫోన్ చేయండి. మీ ప్రతిపాదనను యాజమాన్యం ముందు పెట్టేటప్పుడు ఈ ఒక్క అంశాన్ని మొదటి పేజీలో పెట్టండి. మిగిలినవాటికి ఒప్పుకోవడానికి వారికి సమయం పట్టినా, పది మంది లెక్చరర్లు ఒక రోజు ఫోన్ పట్టుకుని కూర్చోవడానికి ఎవరూ కాదనరు.